తొమ్మిదో నంబరు జెర్సీ

జెర్సీ సగం కాలేదాకా ఎవరూ చూడలేదు.

పెరట్లో నీళ్ల పొయ్యి మీద కాగు సలసలమంటోంది. పొయ్యిలోంచి కమురు వాసన కొట్టేసరికి, పళ్లు తోముకుంటున్న సువార్తరావు మాస్టారు ముఖమైనా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చి కట్టెపుల్లతో లాగాడు. నీలం గుడ్డ బయటపడింది. ఎడమ భుజం, దాని కింద చంక, పక్కన చేటంత మేర మాడిపోయాయి. వీపు మీది తొమ్మిది అంకె మాత్రం చెక్కు చెదరలేదు.

"ఎవరు సేసేరిది?"

భార్య సవరమ్మ వంటింటి గుమ్మంలో గంజి వారుస్తోంది. కూతురు మెర్లిన్ మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. అయిదు నెలల కిందట విశాఖ కాలేజీ నుంచి మారి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటున్న హారిక, కుళాయి దగ్గర తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అడుగుతున్నది మిమ్మల్నే. ఎల్లుండి శనివారం ఇశాపట్నం కాలేజీతో మేచ్. ఇది ఏసుకోవలసిన పిల్ల అదిగో, అక్కడుంది. ఇది పొయ్యిలోకి తనంతట తాను నడిచెళ్లిందేటి?"

"నేనే ఏసేను," అంది మెర్లిన్, తలెత్తకుండానే.

"ఎందుకు?"

"అది నా నేస్తానిది. ఇంకొకరు ఏసుకోడానికి వీల్లేదు."

"ఎవత్తా నేస్తం? పేరెట్టి సెప్పు."

"నేస్తం పేరు పలక్కూడదు నాన్నా. నీకు తెలుసు."

తెలుసు. తెలిసే అడిగాడు. రెండేళ్ల కిందట అనంతగిరి అవతల గంగ వాళ్ల ఊళ్లో, పెద్దల ముందు మెర్లిన్, గంగ ఇద్దరూ నేస్తం కట్టారు. ఒకే విస్తరిలో తిన్నారు, కొత్త బట్టలు మార్చుకున్నారు. ఆ రోజునుంచి ఒకరి పేరు ఒకరు పిలవకూడదు, నేస్తం అనాలి. ఒకరి ఇల్లు ఇంకొకరిది. ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకూడదు, ఎత్తేవాళ్లని చూస్తూ ఊరుకోకూడదు. కొండమీద అన్నదమ్ములకైనా తగువులుంటాయి గాని నేస్తానికి ఉండవు.

చర్చిలో కొందరు పెదవి విరిచినా సువార్తరావు ఒప్పుకున్నాడు. ప్రేమకొద్దీ అనుకుంటే పొరపాటే. గంగ లాంటి ఆటగత్తె పదేళ్లకి ఒక్కతె దొరుకుతుంది. నేస్తం కట్టేస్తే ఇక ఈ గుమ్మం దాటి పోదని లెక్క వేసుకున్నాడు. కొండ ఆచారాన్ని పలుపుతాడు అనుకున్న మొనగాడు ఆయనొక్కడే. జూన్‌లో పరీక్షలు కాగానే ఆ పిల్ల ఒక్క మాటైనా చెప్పకుండా సర్టిఫికెట్లు తీసుకుని విశాఖ కాలేజీలో చేరిపోయింది. నాలుగేళ్లు ఈ ఇంట్లో తిని, ఈ ఇంట్లో పడుకున్న పిల్ల.

ఆనాటినుంచి ఆయన కూడా గంగ పేరు పలకడం మానేశాడు. 'ఆ తొమ్మిది' అంటాడు. కూతురు ఆచారంకొద్దీ పలకదు, తండ్రి కసికొద్దీ పలకడు. ఇంట్లో ఆ పిల్ల పేరు వినపడక ఆరు నెలలయింది. ఆ పిల్ల ఊసు లేని పూట మాత్రం ఒక్కటీ లేదు.

"సార్, నాకు వేరే నంబరిచ్చినా పర్లేదు," అంది హారిక మెల్లిగా.

"నీకు తొమ్మిదే. మాసికేసి కుట్టిస్తాను. శనివారం అది మన గ్రౌండుకొచ్చి తన గుడ్డ ఇంకోదాని ఒంటి మీద సూడాలి. సూసి, అప్పుడు పడాలి."

"ఎలగ పడాలో కూడా సెప్పు నాన్నా," అంది మెర్లిన్. ఇప్పుడు తలెత్తింది. "రాత్రి అన్నాల దగ్గర హారికకి సెప్పేవు గదా. అమ్మ వంటింట్లో ఉండి ఇనలేదు. అమ్మ ముందు సెప్పు."

"నోర్ముయ్."

"అయితే నేనే సెప్తాను. అమ్మా, నేస్తం పైకెగిరి కిందికి దిగుతున్నప్పుడు ఎడమ మోకాలి మీదకి భుజంతో ఎల్లమన్నాడు. ఫౌల్ ఇస్తే ఇవ్వనీ, అది మళ్లీ లేవకుండుంటే సాలు అన్నాడు."

సవరమ్మ చేతిలో గిన్నె ఒరిగింది. వేడి గంజి కుడి పాదం మీద పడింది. ఆవిడ అబ్బా అని కూడా అనలేదు.

"మాస్టారూ. మీరా మాటన్నారా?"

పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఆవిడ మొగుణ్ణి మాస్టారూ అనే పిలుస్తుంది. ఆయన కుర్ర పీఈటీగా కొండెక్కిన ఏడాది తయారు చేసిన మొదటి క్రీడాకారిణి ఆవిడే. అప్పుడు మడమ విరిగింది. విరిగిన మడమతోనే ఇంకో రెండు మేచ్‌లు ఆడించాడు. చలికాలం వస్తే ఇప్పటికీ కుడి కాలు ఈడ్చి నడుస్తుంది. కుంటిపిల్లని చేసుకున్నాడు, మనసున్న మనిషి అని అప్పట్లో లోకమంతా ఆయన్ని మెచ్చుకుంది. కాలు కుంటిదెలా అయిందో లోకం అడగలేదు.

"అన్నాను. తప్పేటి?" అన్నాడు సువార్తరావు. "ఆ కాలు నా ఉప్పు తిన్నది. ఆ గెంతు నేను నేర్పింది. నేను నేర్పిన గెంతు నామీదకే గెంతుతాదా?"

"నేర్పినంత మాత్రాన కాలు మీదయిపోద్దా?"

"ఎల్లి పాదం మీద నీళ్లు పోసుకో," అనేసి ఆయన కాలిన జెర్సీని దండెం మీద విసిరి లోపలికి పోయాడు.

ఆ పూట ఆ ఇంట్లో అన్నం వండింది వండినట్టే ఉంది.

సువార్తరావు గురించి అరకులో రెండు మాటలు చెప్పుకుంటారు. పిల్లల్ని తయారు చెయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడన్నది పాత మాట. తయారైన పిల్లని తెచ్చుకోడంలో ఆయనంత చేతకానివాడు లేడన్నది ఈ ఏడాది పుట్టిన మాట. రెండూ నిజమే.

పాతరోజుల్లో శుక్రవారం వచ్చిందంటే ఆయన సంతలో ఉండేవాడు. కూరలు కొనడానికి కాదు. కొండలు దిగి బరువులు మోసుకొచ్చే ఆడపిల్లల్ని చూడ్డానికి. నెత్తి మీది మూట ధబాల్న కింద పడేసే పిల్లని వదిలేసేవాడు. దించే ముందు నాలుగు పక్కలా చూసి, చోటు ఎంచుకుని దించే పిల్ల దగ్గరికి వెళ్లి ఊరూ పేరూ అడిగేవాడు. "సోటు సూసి మూట దించేది, సోటు సూసి పాస్ ఇస్తాది," అనేవాడు. గంగ అలా దొరికిందే. పధ్నాలుగు కిలోల చింతపండు మూట దించే ముందు, పక్కన పడుకున్న కుక్కపిల్లని కాలితో మెల్లిగా జరిపింది. అది చూసి, ఆ సాయంత్రమే వాళ్ల అమ్మతో మాట్లాడాడు.

హారికని ఎంచుకున్నది ఫోన్లో రెండు నిమిషాల వీడియో చూసి. పిల్ల పొడుగుంది, బంతి బాగా పట్టుకుంటుంది. అంతకంటే పెద్ద అర్హత, గంగ వెళ్లిన కాలేజీలోనే చదువుతోంది. వాళ్లు నా ఇంట్లోంచి ఒకదాన్ని లాక్కుంటే వాళ్లింట్లోంచి నేనొకదాన్ని లాక్కొస్తానని శపథం పట్టి పది రోజుల్లో తెచ్చేశాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మాస్టారికి రుచితో కూడా పనిలేదు, పొరుగింటిదైతే చాలు.

మధ్యాహ్నం మూడింటికి బాస్కెట్‌బాల్ కోర్టు మీద ఇంకా చెమ్మ ఆరలేదు. ఆయన జట్టునంతా ఓ పక్క కూర్చోబెట్టి మెర్లిన్‌ని, హారికని మాత్రం రింగు కిందికి పిలిచాడు.

"మెర్లిన్, దాని ఆట నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఈ పూట నువ్వు ఆ తొమ్మిదివి. బంతి పట్టుకో, కుడికి ఒక్క అడుగేసి ఎడమకి తిరుగు, ఎగురు. హారికా, అది దిగేటప్పుడు నువ్వు ఎల్లు."

మెర్లిన్ తండ్రి వంక చూసింది. "నేను ఆడనంటే?"

"శనివారం బెంచీ మీద కూకుంటావు. అయిదు నెలల్నుంచీ కూకుంతనే ఉన్నావు గదా, అలవాటే."

ఆ మాట నిజం కాబట్టే ఎక్కువ తగిలింది. హారిక వచ్చింది మెర్లిన్‌కి రావలసిన చోటులోకే. మెర్లిన్ బంతి తీసుకుంది.

కుడికి ఒక అడుగు, ఎడమకి తిరుగుడు, గెంతు. అచ్చం గంగ. బెంచీ మీది పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. హారిక రెండడుగులు ముందుకి వేసి ఆగిపోయింది.

"మళ్లీ," అన్నాడు సువార్తరావు.

మళ్లీ ఆగిపోయింది.

"ఏటా నంగి నడక? దాన్ని ముట్టుకుంటే మైలపడిపోతావా?"

"కొట్టీ హారికా," అంది మెర్లిన్ నేలకేసి చూస్తూ. "బేగి కొట్టీ. నాన్న సూడాలి. ఎలగుంతాదో సూస్తే గాని తెలీదు ఈయనకి."

మూడోసారి హారిక వెళ్లింది. భుజం తగిలింది. మెర్లిన్ సిమెంటు మీద పక్కకి కూలబడి మోచెయ్యి, మోకాలు గీసుకుని జారింది. మోకాలి మీద తెల్లగా చర్మం లేచి, తర్వాత ఎర్రబడింది.

సువార్తరావు ఒక్క అడుగు ముందుకి వేశాడు. కన్నతండ్రి కదా, వేశాడు. అక్కడే ఆగిపోయాడు. బెంచీ మీది పిల్లలందరూ ఆ ఆగిన అడుగునే చూశారు.

"బాగుంది," అన్నాడు. "ఇంకాస్త కిందికి ఎల్లాలి."

మెర్లిన్ తనంతట తనే లేచింది. కుంటుకుంటూ వెళ్లి బంతి తెచ్చి, తండ్రి చేతిలో పెట్టి, బూట్లు విప్పుకుని వట్టి కాళ్లతో ఇంటిదారి పట్టింది.

హారిక మాత్రం కదల్లేదు.

"సార్, ఒకటడగనా? నాకు ఎడమ చేత్తో బంతి వెయ్యడం రాదు. వచ్చిన మొదటి రోజే మీకు చెప్పాను."

"అయితే?"

"అయిదు నెలలైంది. మీరు దాని ఊసే ఎత్తలేదు. మా కాలేజీలో అందరూ ఏమనేవారో తెలుసా సార్? అరకు సార్ చేతిలో పడితే మొద్దయినా ఆట నేర్చుకుంటుందని. గంగక్కని చూసే అనేవారు. మా నాన్న ఇష్టం లేకుండా, నేను ఏడ్చి మరీ వచ్చాను. నేర్చుకోడానికొచ్చాను సార్. మనుషుల మీద పడ్డానికి కాదు."

సువార్తరావు బంతిని రెండుసార్లు నేలకి కొట్టాడు. ఈ పిల్లని తాను ఒక్కసారైనా ఆటగత్తెగా చూడలేదన్న మాట ఆయనకి అప్పుడు తట్టింది. తట్టినందుకు ఒళ్లు మండింది.

"నేర్పుతాను," అన్నాడు. "శనివారం అయిపోనీ."

ఇంటికి వచ్చేసరికి వీధి అరుగు మీద రత్నాలు ఉంది. గంగ తల్లి.

రేపటి సంతకని ఈ రోజే కొండ దిగింది. కాఫీ పళ్లు కోసి కోసి వేళ్లు నల్లబడ్డాయి. పక్కన కాళ్లు కట్టిన నాటుకోడి, సంచీలో రాజ్మా గింజలు, మాస్టారికని కొత్త తువ్వాలు. ఆయన్ని చూడగానే లేచి నిలబడి, వంగి రెండు చేతులూ ఆయన పాదాలకి తాకించబోయింది. సువార్తరావు వెనక్కి గెంతాడు.

"ఏటిది రత్నాలూ?"

"ముట్టుకోనీ మాస్టారూ. ఆర్నెల్లుగా రావాలనుకుంతన్నాను. ఆసుపత్రి కాడే సరిపోనాది నాకు. మా గుంటకి కాలు బాగయిపోనాది. కోసినారు, కుట్టినారు, నాలుగు నెల్లు మంచం దిగనివ్వనేదు. నువ్వు పంపబట్టి గాని, నేకపోతే కుంటిదయిపోను మా గుంట."

"నేను పంపేనా?"

"మరెవలు? కాయితం రాసి సంతకమెట్టి పంపినావు గదా. ఆ కాయితం సూసే ఆ కాలేజీవోళ్లు సేర్సుకున్నారు, ఆలే డాట్రు కాడికి తీసుకెల్లినారు."

రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, వాటితోపాటు నాలుగు మడతలు పెట్టిన కాగితం. దేవుడి పటానికి ఇచ్చేంత మర్యాదతో విప్పి ఇచ్చింది.

సువార్తరావు చదివాడు. 'గంగ మోకాలికి శస్త్రచికిత్స అవసరమని డాక్టరు చెప్పినందున, ఆమె విశాఖలో ఉండి చదువుకొనుటకు, ఈ కళాశాల జట్టు నుండి ఆమెను విడిచిపెట్టుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.' గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లాంటివి. ఆ అక్షరాలు ఆయనకి ఇరవై రెండేళ్లుగా తెలుసు. కింద సంతకం తనది. కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

ఆయనకి రాత బద్ధకం. కాలేజీకి రాయవలసిన ప్రతి ఉత్తరమూ, ప్రతి ఫారమూ సవరమ్మే రాసి టీ గ్లాసు పక్కన పెడుతుంది. ఆయన టీ తాగుతూ, పేపరు చదువుతూ సంతకాలు పెట్టుకుంటూ పోతాడు. ఒక్కటైనా చదివిన పాపాన పోలేదు.

"ఇంకో మాట సెప్పాల మాస్టారూ," అంది రత్నాలు. "డాట్రు ఇంకో నెల ఆడొద్దన్నాడు. ఇది ఇనదు. శనివారం మాస్టారి కళ్లముందర ఒక్క ఆట ఆడితీరాల అంతాది. ఆయన నేర్పిన గెంతు పోనేదని ఆయనికి సూపించాల అంతాది. అక్కడోళ్లు ఒద్దన్నా ఏడిసి ఒప్పించినాది. నువ్వు ఒద్దంతే మానేత్తాదట. నీ మాటొకటే ఇంతాదట. ఒక్క ఫోను సెయ్యి మాస్టారూ. బేగి సెయ్యి."

సువార్తరావు కాగితం మడతపెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ సవరమ్మ వంక చూశాడు. ఆవిడ వెనక మెర్లిన్, మోకాలికి పసుపు అద్దుకుని ఉంది.

"ఎల్లి కాళ్లు కడుక్కో రత్నాలూ," అన్నాడు. "కోడిని పెరట్లో కట్టీ. మాటాడదాం."

రత్నాలు పెరట్లోకి వెళ్లింది. కుళాయి చప్పుడు వినపడేదాకా ముగ్గురూ కదల్లేదు.

"నీకు తెలుసా అమ్మా?" ముందు మెర్లినే అంది. "ఆర్నెల్లు. నేస్తం నాకు సెప్పకుండా ఎల్లిపోయిందని ఆర్నెల్లు ఏడిసేను. నువ్వు నా పక్కలోనే పడుకున్నావు. నీకు తెలుసా?"

"నేనే సెప్పొద్దన్నాను," అంది సవరమ్మ. "నీకు సెప్తే నీ మొహం సూసి మీ నాన్న పట్టేసి ఆపేద్దుడు."

"నా సంతకంతో నా మెడ కోసేవు," అన్నాడు సువార్తరావు. అరవలేదు. పెరట్లో మనిషి ఉందని అరవలేదు. "నాకు సెప్పకుండా."

"సెప్పలేదా? మార్చిలో సెప్పేను. ఇశాపట్నం తీసుకెల్లి డాక్టరుకి సూపించుకుని వచ్చి, ఇంకోసారి పడితే ఈ గుంట మరి నిటారుగా నడవదంట మాస్టారూ అని సెప్పేను. మీరేటన్నారు?"

ఆయన చేతిలోని కాగితాన్ని ఇంకో మడత పెట్టాడు.

"ఫైనల్స్ అయిపోనీ అన్నారు. బేండేజీ సుట్టి మూడు మేచ్‌లు ఆడించేరు. ఆ మాటే నాతోటీ అన్నారు, ఇరవై మూడేళ్ల కిందట. ఫైనల్స్ అయిపోనీ సవరమ్మా. అయిపోయాయి. కాలూ అయిపోయింది."

"నీకు నేను తక్కువ సేసేనా? పెళ్లి సేసుకోలేదా?"

సవరమ్మ నవ్వింది. మెర్లిన్ పుట్టి బుద్ధెరిగాక తల్లి అలా నవ్వగా చూడలేదు.

"సేసుకున్నావు. కాలికి బదులు పసుపుతాడు కట్టేవు. ఊరంతా నిన్ను మెచ్చుకుంతంటే నేను తలొంచుకుని నిలబడ్డాను." ఇరవై రెండేళ్ల 'మీరు', 'మాస్టారూ' ఒక్క క్షణంలో రాలిపోయాయి. "గంగ ఎల్లిపోయిన రోజే నీకు నిజం సెప్పేద్దునూ. కాని నువ్వు కాలిపోతంటే సూసేను. తిండి తినలేదు, పడుకోలేదు, నన్ను మోసం సేసిందని గోడకి తల కొట్టుకున్నావు. నాకు బాగుంది. దేవుడు నన్ను క్షమించుగాక, నాకు చాలా బాగుంది. ఇంకొన్నాళ్లు కాలనీ అనుకున్నాను. ఆ మంట తిరిగి ఆ గుంట మీదికే పోతాదని అనుకోలేదు. అదొక్కటే నా తప్పు."

సువార్తరావు గోడ పట్టుకున్నాడు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆయన ముఖంలో సంతలో చింతపండు మూట దించిన పిల్లని చూసి ఆగిన పాత మాస్టారు కనిపించినట్టయింది. మెర్లిన్‌కి ఆశ కలిగింది.

"ఫోన్ సెయ్యి నాన్నా," అంది దగ్గరికి వచ్చి. "ఒద్దని ఒక్క మాట సెప్పు. అది నీ మాట ఇంతాదంట."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"నన్ను కాలిస్తే నీకు బాగుందా?" అన్నాడు సవరమ్మతో. "సరే. నువ్వు నా సంతకం దొంగిలించి కాపాడిన కాలది. శనివారం ముందు వరసలో కుర్చీ ఏయిస్తాను. కూకుని సూద్దువుగాని."

"మాస్టారూ!"

"ఇప్పుడు మాస్టారునా?"

పెరట్లో కుళాయి ఆగిపోయింది. రత్నాలు తడి కాళ్లతో లోపలికి వచ్చింది. చేతిలో దండెం మీంచి తీసిన జెర్సీ ఉంది.

"ఇది మా గుంటది గదా? తొమ్మిది అదే. అయ్యో, ఇలగ కాలిపోనాదేటి?"

తనే సమాధానమూ చెప్పుకుంది. "నీళ్ల పొయ్యి కాడ ఆరేసుంతారు. సలికాలం కదా, మా ఇంట్లోనూ ఇంతే. సూదీ దారం తే నేస్తం, నాను కుట్టెత్తాను. నీకు కళ్లు కనపడవు గదా పొద్దు గూకితే."

సవరమ్మ కదల్లేదు. కదలలేకపోయింది. రత్నాలే చనువుగా వెళ్లి కుట్టుమిషన్ సొరుగు లాగి సూదీ దారం తెచ్చుకుంది. పిల్లలు నేస్తం కడితే తల్లులూ నేస్తాలే, నేస్తం ఇల్లు తన ఇల్లే కదా. గుమ్మంలో వెలుగు ఉన్నచోట కూర్చుని, తన పాత నీలం రవికె గుడ్డ ముక్క సంచీలోంచి తీసి కాలినచోట ఆనించి చూసుకుంది. రంగు కలిసింది. సంతోషపడింది.

"ఫోను సేసినావా మాస్టారూ?"

"ఆడనీ," అన్నాడు సువార్తరావు. "సరదా పడుతోంది గదా. ఆడనీ."

"నువ్వన్నావంటే మరి బయ్యం నేదు," అంది రత్నాలు. ఊపిరి పీల్చుకుని దారం పంటితో కొరికింది. "నీ కళ్లముందరే గదా ఆడతాది. నువ్వు సూసుకుంతావు."

మెర్లిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సూది గుడ్డలోంచి పైకీ కిందికీ పోతోంది. కుట్టు సన్నగా, దగ్గరగా పడుతోంది. ఎడమ భుజం మీద మాసిక చూస్తూ ఉండగానే నిలబడింది.

"అవునుగాని," అంది రత్నాలు తలెత్తకుండా, "మా గుంట అక్కడుంది కదా. ఇప్పుడు ఈ తొమ్మిది ఎవలు ఏసుకుంతన్నారు?"

సువార్తరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సవరమ్మ కాలిన పాదం కేసి చూసుకుంటోంది. ఆ ప్రశ్న ఆ గదిలో అందరి ముందూ తిరిగి తిరిగి, చివరికి వీధి గుమ్మంలో, బూట్లు చేత్తో పట్టుకుని ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరికీ తెలియని మనిషి దగ్గర ఆగింది.

"నేనమ్మా," అంది హారిక.

రత్నాలు తలెత్తి, ఆ పొడుగు పిల్లని ఎగాదిగా చూసి, ముఖమంతా నవ్వుతూ చెయ్యి చాపింది. "రా తల్లీ, కొలత సూద్దాం."

హారిక లోపలికి వచ్చి ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. జెర్సీ అందుకోలేదు. ఆ నల్లబడ్డ వేళ్లని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"కొలత తర్వాత చూద్దువుగానమ్మా," అంది. "ముందు సార్ నాకేం నేర్పారో విను."